‘మరి ఎందుకు పారిపోలేదు?’: మనుషుల అక్రమ రవాణాపై అపోహలు - వాస్తవాలు

అక్రమ రవాణా బాధితుల పునరావాసం నా పని. ఎవరైనా దీని మీద నవల చదివి బుక్ క్లబ్‌లో చర్చ పెట్టుకుంటే నన్నూ పిలుస్తుంటారు. నవల ఏదైనా, టీ వచ్చేలోపు పడే ప్రశ్నలు మాత్రం అవే.

అపోహ: ఎవరో ఎత్తుకెళ్లి అమ్మేస్తారు.

వాస్తవం: వ్యాను, మత్తుమందు ఉంటే కథ పరుగెడుతుంది. నేను చూసిన కేసుల్లో మాత్రం ఎక్కువగా తీసుకెళ్లింది తెలిసినవాళ్లే. పిన్ని వరసయ్యే ఆవిడ, పక్క ఊరి ఏజెంటు, పెళ్లి చేసుకుంటానన్న కుర్రాడు. బస్సెక్కించడానికి ఇంట్లోవాళ్లే వచ్చి ఉంటారు.

అపోహ: అంత కష్టంగా ఉంటే పారిపోవచ్చు కదా!

వాస్తవం: ప్రతి క్లబ్‌లోనూ ఎక్కువసేపు నడిచేది ఈ చర్చే. తెలంగాణ ఇటుక బట్టీలనే తీసుకోండి. దసరా దాటాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చాలా బట్టీలకు గోడ ఉండదు, గేటూ ఉండదు. ఉండేది సర్దార్, అంటే కూలీలను కుదిర్చి తెచ్చే దళారీ, ఇచ్చిన అడ్వాన్స్. అది ఊళ్లోనే పెళ్లికో, వైద్యానికో అయిపోయి ఉంటుంది. ఇక్కడ వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. వారం వారం బియ్యానికిచ్చే ఖర్చు, పిల్లాడి జ్వరం మందులు అన్నీ అడ్వాన్స్ కిందే రాసేస్తారు. వానకు కరిగిపోయిన పచ్చి ఇటుకలు మాత్రం లెక్కలోకి రావు. నోట్‌బుక్ ఓనర్ దగ్గర, రాత తెలుగులో. వేలిముద్ర వేసిన మనిషికి ఆ లిపే రాదు. వెళ్లిపోతే ఊళ్లో ఉన్న తండ్రిని సర్దార్ పట్టుకుంటాడు. ఇక ఎక్కడికని పారిపోతారు?

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లదు, తీర్చక్కర్లేదు. ఆ సంగతి బట్టీలో ఎవరూ చెప్పరు. బయట కూడా దీన్ని కూలి గొడవ అనుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: తెలిసే ఒప్పుకుంది, సంతకం కూడా పెట్టింది.

వాస్తవం: మోసంతోనో, బెదిరించో, ఆశపెట్టో దోపిడీ కోసం తీసుకెళ్తే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద నేరమే. బాధితుల సమ్మతి లెక్కలోకి రాదు. అలాగని సెక్స్ వర్కర్లందరూ అక్రమ రవాణా బాధితులే అనుకోవడమూ తప్పే. ఇష్టపూర్వకంగా ఆ వృత్తిలో ఉన్న వయోజనులను రైడ్లలో అరెస్టు చేయొద్దని, వేధించొద్దని సుప్రీంకోర్టు 2022లో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో చెప్పింది.

అపోహ: చదువులేని ఆడపిల్లలే చిక్కుకుంటారు.

వాస్తవం: 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు చూడండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్లి యువకులతో సైబర్ మోసాలు చేయించారు. కంప్యూటర్ వచ్చు కాబట్టే వాళ్లకు వల వేశారు.

అపోహ: పోలీసులు విడిపిస్తే కథ కంచికి.

వాస్తవం: వ్యభిచార గృహం నుంచి విడిపించిన మహిళను మెజిస్ట్రేట్ ముందు హాజరుపరుస్తారు. 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం కింద, విచారణ తర్వాత ఏడాది నుంచి మూడేళ్ల దాకా సంరక్షణ హోమ్‌లో ఉంచమని ఆయన ఆదేశించవచ్చు. ‘విడిపించామన్నారు, మళ్లీ తాళం వేశారేంటి మేడమ్?’ అని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. బట్టీ కూలీలది ఇంకో టెన్షన్. వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారులు ఇచ్చే విముక్తి పత్రం చేతికి రావాలి. తక్షణ సాయం 30 వేల దాకా వస్తుంది. లక్ష నుంచి మూడు లక్షల వరకు ఉండే అసలు సాయం రావాలంటే నిందితుడికి శిక్ష పడాలి.

చర్చ అయ్యాక ‘మా వైపు బట్టీలోనూ ఇలాగే ఉన్నట్టుంది, వెళ్లి అడుగుదామా?’ అంటారు. వద్దు. ఓనర్‌కి అనుమానం వస్తే తెల్లారేసరికి కుటుంబాలను ఇంకో బట్టీకి మార్చేస్తాడు. కలెక్టర్‌కో, ఆర్డీవోకో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పిల్లలుంటే 1098కి, ప్రాణభయం ఉంటే 112కి ఫోన్ చేయండి.