చిక్కుడుకు రాత్రి లెక్క తెలుసు

రెండేళ్ల క్రితం పెరటిగోడ వెంట పందిరి చిక్కుడు గింజలను రెండు విడతలుగా పెట్టాను. మొదటి విడత మృగశిర కార్తె రాగానే, జూన్ రెండో వారంలో. రెండో విడత ఆశ్లేష కార్తెలో, ఆగస్టు మొదటి వారం దాటాక. మొదటి తీగ గోడనెక్కి, పక్కనున్న జామచెట్టునూ అల్లుకొని, కింద నేల కనిపించనంత దట్టంగా పెరిగింది. రెండోది పందిట్లో సగం కూడా పాకలేదు. అయినా రెండింటికీ తొలి పూగుత్తులు ఒకే వారంలో, దీపావళికి కాస్త ముందు కనిపించాయి. రెండు నెలల ముందు పుట్టినందుకు పెద్ద తీగకు దక్కింది ఆకు మాత్రమే.

ఇందులో ఎరువు లోపమూ లేదు, విత్తన దోషమూ లేదు. పందిరి చిక్కుడు తన వయసును బట్టి కాక, రాత్రి నిడివిని బట్టి, అంటే రాత్రులు తగినంత పొడవయ్యాకే పూస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో ప్రచురించిన పరిశోధన పగలు, రాత్రుల నిడివికీ మొక్కల పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని తొలిసారి స్పష్టంగా నిరూపించింది. వేసవంతా నిలువెత్తుకు మించి పెరిగినా పూత పట్టని మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకాన్ని వారు రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో ఉంచి, పగటిని కృత్రిమంగా తగ్గించగా, అది పూసింది. మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదనీ, మధ్యలో వెలుతురు తగలని చీకటి నిడివిని అనీ ఆ తర్వాతి ప్రయోగాలలో తేలింది. ఆకులోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఎర్రని కాంతికి ఒక రూపంలోకి మారి, చీకటిలో మెల్లగా వెనక్కి మళ్లుతుంది. ఈ మార్పూ ఆకులోని జీవ గడియారమూ కలిసి రాత్రి ఎంత పొడవో తేలుస్తాయి. హైదరాబాదులో జూన్ చివరి పగలు 13 గంటలకు కాస్త పైన, డిసెంబరు చివరి పగలు 11 గంటలకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. మనకు పెద్దగా పట్టని ఆ రెండు గంటల తేడాయే చిక్కుడు పూతకు ఆధారం. అందుకే వీధిదీపం వెలుతురు రాత్రంతా పడే చోట చిక్కుడు పందిరి వేయకపోవడం మంచిది.

మన పెద్దలు ఈ వర్ణద్రవ్యం సంగతి ఎరగకపోయినా, విత్తనాలకు తిథులను కాక కార్తెలను పట్టుకోవడంలో గొప్ప తెలివి ఉంది. చాంద్రమాన మాసం ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరిగి, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. కార్తె అలా కాదు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దానిని బట్టి ఏర్పడిన 13, 14 రోజుల విభాగం కాబట్టి ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. అయితే నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ లెక్కన 70 ఏళ్లకు ఒక రోజు, వెయ్యేళ్లకు ఒక కార్తె నిండా తేడా వస్తుంది. సామెతలలో మరీ పాతవి ఏవైనా ఉంటే వాటిని ఒక కార్తె సవరించి చదువుకోవాలేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

రోళ్లు పగిలే రోహిణి ఎండలు పోయి, మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాక పెట్టదగినవి బెండ, సొర, బీర, కాకర. బెండ గింజలను రాత్రి నానబెట్టి, అడుగు దూరానికి రెండేసి చొప్పున పెడితే, వాటిలో బలమైనదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయవచ్చు. ఆరేడు వారాల్లో పూత వస్తుంది. పూసిన ఐదారు రోజులకే కాయ కోయాలి, వారం దాటితే పీచు కడుతుంది. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు పట్టి ఈనెలు పసుపురంగుకు తిరిగిన మొక్కను ఏ కషాయమూ బాగుచేయదు. దాన్ని మొహమాటపడకుండా పీకేయాలి.

తీగజాతుల విషయంలో జరిగే పొరపాటు వేరు. సొర తీగకు ముందు మగపూలే వస్తాయి; ఆడపూలు ఎక్కువగా పక్కకొమ్మల మీద వస్తాయి కనుక, తీగ పందిరికి చేరగానే చివర తుంచేస్తే కొమ్మలు త్వరగా వస్తాయి. ఆడపువ్వు వెనుక వేలి కణుపంత నూగు పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నని పొడవాటి కాడ తప్ప ఏమీ ఉండదు. ఈ తెల్లని పూలు సాయంత్రం విచ్చుకొని, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతాయి. వాటిపై వాలే రాత్రి పురుగులు పట్టణాల్లో తక్కువ. పుప్పొడి అందని పిందె మూడు నాలుగు రోజుల్లో పసుపుపచ్చనై ముడుచుకుపోతుంది. చాలామంది దాన్ని బలం చాలక రాలిందనుకొని మరింత ఎరువు వేస్తారు. నత్రజని ఎక్కువైన తీగ ఇంకా ఆకు వేసి, ఇంకా మగపూలు పూస్తుంది. చేయవలసిందల్లా దీపాలు పెట్టే వేళకు ఒక మగపువ్వును కోసి, రేకులు వలిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమనున్న కీలాగ్రానికి మెల్లగా అద్దడం. అంటుకున్న పిందె రెండు రోజులకే కిందికి వంగి, లేత మెరుపుతో ఊరడం మొదలవుతుంది. బీరకూ ఇదే వేళ. గుమ్మడి, దోసలకు మాత్రం ఉదయమే అద్దాలి.

టమాటాకు రాత్రి నిడివితో పనిలేదు, రాత్రి వేడితో ఉంది. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడై, పూత కాడతో సహా రాలిపోతుంది. కాయ నిలిచినా, 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాక పండు పసుపుగా మిగులుతుంది. కాబట్టి టమాటాకు లెక్క వెనకనుంచి వేయాలి. డిసెంబరులో పండ్లు కోయాలంటే, నాటాక 60 నుంచి 70 రోజులు పడుతుంది గనుక అక్టోబరు తొలి రోజుల్లో నాటాలి. నారుకు 25 నుంచి 30 రోజులు కనుక సెప్టెంబరు మొదటి వారంలో, అంటే పుబ్బ కార్తెలో నారు పోయాలి. తీరప్రాంతంలో రాత్రులు అంత త్వరగా చల్లబడవు కాబట్టి మరో పక్షం ఆగడం మేలు.

డాబా మీద తోట పెట్టేవారు విత్తనం కంటే ముందు బరువు లెక్క చూసుకోవాలి. తడిసిన మట్టి ఘనమీటరుకు 1,700 కిలోలకు తగ్గదు. అడుగు లోతున మట్టి పోసి మడి కడితే చదరపు మీటరుకు 500 కిలోలు పైనే అవుతుంది. మనుషులు తిరిగే చదును పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు మాత్రమే. మట్టి పాలు తగ్గించి, కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపిన తొట్లను స్లాబు నడిమధ్యన కాకుండా దూలాలూ గోడలూ వచ్చే చోట్ల పెట్టుకోవాలి. వానకు స్లాబు మీద నీరు నిలిచే ఇంట్లో తోట ఆలోచన మరమ్మతు అయ్యాకే.

న్యూజెర్సీలో ఇల్లు కట్టుకొని పెరట్లో చిక్కుడు వేసిన తెలుగువారి కష్టం కూడా రాత్రి నిడివి నుంచి వచ్చిందే. అక్కడ జూన్ పగలు 15 గంటలు. పందిరి చిక్కుడు వేసవంతా ఆకు వేసి, సెప్టెంబరు దాటాక పూతకు వచ్చేసరికి మంచు గడ్డకట్టే రాత్రులు ముంచుకొస్తాయి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుళ్లు పగటి నిడివిని పట్టించుకోవు కాబట్టి అలాంటి చోట్ల అవే గతి. గోంగూరదీ చిక్కుడు స్వభావమే అయినా, దాని నుంచి మనకు కావలసింది ఆకు గనుక అక్కడి పొడవాటి పగళ్లు దానికి వరమయ్యాయి. పూతకు పోకుండా నెలల తరబడి చిగురిస్తూనే ఉంటుంది.

ఇక్కడ చిక్కుడు పూతకు వచ్చే రోజులకు కొత్తిమీర అదను కూడా వస్తుంది. వేడిలో చల్లిన ధనియాలు గుప్పెడు ఆకు ఇవ్వకముందే కాడ లేచి పూస్తాయి. స్వాతి కార్తెలో, అక్టోబరు చివరికి, పందిరి కిందనే ఒక పూట ఎండ తగిలే జాగా చూసి చల్లుకోవచ్చు. మనం ఒక్క గింజ అనుకునే ధనియంలో నిజానికి రెండు విత్తనాలుంటాయి; గోనెసంచి మీద పోసి చెప్పుతో మెల్లగా రాస్తే రెండు బద్దలుగా విడిపోతాయి. ఆ బద్దలను ఒక పూట నానబెట్టి చల్లాలి. మొలక కనిపించడానికి వారం పది రోజులు పడుతుంది, అంతవరకు మడి పైపొర ఆరనివ్వకూడదు.