ఉతకని చీర

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఊరెళ్తూ మా చింటూను హైదరాబాద్‌లోనే ఒక పెట్ బోర్డింగ్‌లో వదిలాం. నాలుగేళ్ల దేశీ కుక్క, అంతకుముందు ఒక్క రాత్రి కూడా బయట పడుకుని ఎరగడు. పిల్లాణ్ణి హాస్టల్‌కు పంపుతున్నట్టు వాడి దుప్పటిని సబ్బు నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చాను. రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదని అక్కణ్ణుంచి ఫోన్. కొత్తచోట వాడికి ధైర్యంగా ఉండాల్సిన వస్తువును నా చేతులతోనే పనికిరాకుండా చేశానని ఆ తర్వాతగానీ తెలిసిరాలేదు.

కుక్కకు ఇల్లంటే ముందు వాసన. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం 12 కుక్కలకు ఎంఆర్ఐ యంత్రంలో మెలకువగానే, కదలకుండా పడుకోవడం నేర్పింది. ఒక్కోదానికి ఐదు వాసనలు చూపించింది: దాని సొంత వాసన, తెలిసిన మనిషిది, తెలియని మనిషిది, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది. ఏదో మంచి జరగబోతోందని ఆశపడేటప్పుడు చురుగ్గా పనిచేసే మెదడు భాగం ఒకటుంది. తెలిసిన మనిషి వాసనకు అది అన్నిటికంటే ఎక్కువగా స్పందించింది. ఆ మనిషి అప్పుడు ఎదురుగా లేరు, ఉన్నది వాసన ఒక్కటే. నేను సబ్బుతో కడిగేసింది దాన్నే.

రెండు రోజులు తినకపోవడం మొండితనం కాదు, అది ఒంట్లో జరిగే మార్పు. టెన్షన్ పడితే మనలాగే కుక్క రక్తంలోనూ కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక జంతు శరణాలయంలో మైకేల్ హెనెసీ బృందం దాన్ని కొలిచి, 1997లో వివరాలు ప్రచురించింది. కొత్తగా వచ్చిన కుక్కల్లో మొదటి మూడు రోజులు అది బాగా ఎక్కువగా ఉంది. అవి ఇల్లు లేని కుక్కలు, బోర్డింగ్‌కు వెళ్లేవి వేరు, నిజమే. కానీ కొత్త గోడలు, కొత్త అరుపులు, కొత్త చేతులు రెండిటికీ ఒకటే.

మనం కుక్కను ప్రేమించేది మాత్రమే కాదు, అది మనల్ని ఆనుకుని బతుకుతుంది. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో యోజెఫ్ తొపాల్, ఆడమ్ మిక్లోషి తదితర పరిశోధకులు 1998లో, తల్లీబిడ్డల బంధాన్ని చూడటానికి వాడే పరీక్షనే కుక్కలకు పెట్టారు. యజమాని గది దాటగానే చాలా కుక్కలు తలుపు దగ్గరే నిలబడిపోయాయి. “ఆదివారం వచ్చి తీసుకెళ్తాంరా” అని వాటికి చెప్పలేం. వాళ్లు వెళ్తారు, మళ్లీ వస్తారు అన్నది అనుభవంతోనే తెలియాలి. అందుకే ప్రయాణానికి నెల ముందు నుంచే ఒక పూట వదిలి తెచ్చుకోవాలి. తర్వాత ఒక పగలంతా, ఆ తర్వాత ఒక రాత్రి. ఈ ఒక్క పని చేస్తే సగం బెంగ తీరినట్టే అని నా నమ్మకం.

సూట్‌కేస్ సంగతి కూడా ఉంది. అది కిందికి దిగితే మనుషులు మాయమవుతారని కుక్క ఇట్టే పట్టేస్తుంది. రోజూ గంట కొట్టి తిండి పెడితే, కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు లాలాజలం ఊరడం లాంటిదే ఇదీను. పది రోజుల ముందే అటక మీంచి దించి హాల్లో ఓ మూల పడేయండి. రోజూ కనిపించే వస్తువుకు భయపడటం మానేస్తుంది.

తిండి దగ్గర మన ఇళ్లలో ఒక చిక్కుంది. ఇక్కడ పెరుగన్నం, చికెన్ అన్నం తిని పెరిగిన కుక్కకు అక్కడ ఉన్నట్టుండి పెల్లెట్లు (ప్యాకెట్లో వచ్చే పొడి తిండి గుళికలు) పెడితే పేగుల్లోని సూక్ష్మజీవులు దానికి అలవాటు పడేలోపే విరేచనాలు పట్టుకుంటాయి. వారం ముందు నుంచి కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. లేదంటే మన తిండే పెట్టమని మాట్లాడుకోవాలి.

టీకాలు చివరి రోజుకు పెట్టుకోవద్దు. పది కుక్కలు ఒకే కప్పు కింద ఉంటే కెన్నెల్ కాఫ్ అనే దగ్గు తేలిగ్గా పాకుతుంది. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి సమయం కావాలి, కాబట్టి రెండు మూడు వారాల ముందే డాక్టర్ని కలవాలి. కుక్కలకు ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ అయితే నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఇక పిడుదులు. గోడ పగుళ్లలో దూరి వేలల్లో గుడ్లు పెడతాయి. ఇవి కుడితే వచ్చే ఎర్లికియా జ్వరం 8 నుంచి 20 రోజుల తర్వాత బయటపడుతుంది. అందుకే బోర్డింగ్ చూడటానికి వెళ్లినప్పుడు నేను ముందు గోడల మూలలే చూస్తాను. ఇంటికొచ్చిన మూడు వారాలూ చెవుల వెనక, వేళ్ల మధ్య వెతుకుతాను.

మొన్న దసరాకి చింటూను మళ్లీ పంపాం. ఈసారి దుప్పటి కాదు, అమ్మ మూడు రోజులు వంటింట్లో కట్టుకుని తిరిగిన పాత చీర. పోపు, పసుపు, చెమట అన్నీ అందులోనే. వాడు దాన్ని కాళ్లతో లాక్కుని, కుప్పగా చేసుకుని, మధ్యలో ముక్కు దూర్చి పడుకున్న ఫొటో సాయంత్రం పంపారు. ఆ రాత్రే అన్నం తిన్నాడు. చీర ఒక్కదానివల్లే అని ఒట్టేసి చెప్పను, అంతకుముందు రెండు రాత్రులు అక్కడ గడిపి వచ్చాడు కూడా.

తిరిగొచ్చాక దాదాపు ఒక రోజంతా నిద్రపోయాడు. చీరను అమ్మ ఉతికేసింది. వేసవిలో విజయవాడలో పెళ్లి ఉంది, అప్పటికి మళ్లీ మూడు రోజులు కట్టుకుంటానంది.