పాత ఇంటి వయసు: అపోహలు, వాస్తవాలు

పాత ఇళ్ల చరిత్రను పరిశీలించే పనిలో నాకు మొదట ఎదురయ్యేది, ఇంటివారు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన ఒక సంవత్సరం. దానిని నేను తోసిపుచ్చను. కాని అది ఇంటిలోని ఏ భాగానికి చెందినదో తేలేదాకా నమోదు చేసుకోను.

అపోహ: గుమ్మం మీద చెక్కిన సంవత్సరమే ఇల్లు కట్టిన సంవత్సరం.
వాస్తవం: అది ద్వారబంధం మార్చిన ఏడాది కావచ్చు, పై అంతస్తు వేసిన ఏడాదీ కావచ్చు. కుటుంబంతో పాటు ఇల్లూ పెరుగుతుంది కనుక ఇల్లంతటికీ ఒకే వయసు ఉండడం అరుదు. రెండు గోడలు కలిసేచోట ఇటుకలు ఒకదానిలో ఒకటి పెనవేసుకోకుండా నిలువునా తిన్నని అతుకు కనబడితే, వాటిలో ఒకటి తరువాత వచ్చి చేరినదని దాదాపుగా చెప్పవచ్చు.

అపోహ: దస్తావేజు ఉంటే చాలు.
వాస్తవం: దస్తావేజు ప్రధానంగా హక్కు చేతులు మారిన తేదీని చెబుతుంది. అందులోని ఇల్లు కూలి, అదే స్థలంలో మరొకటి లేచి ఉండవచ్చు.

అపోహ: దూలం వయసే ఇంటి వయసు.
వాస్తవం: కలపలోని వార్షిక వలయాలు చెట్టును నరికిన సంవత్సరాన్ని చెప్పగలవు, అదీ బెరడును ఆనుకొన్న చివరి వలయం చెక్కుడులో పోకుండా మిగిలి ఉంటేనే. పైగా పాత కలపను ఎవరూ వృథాగా పోనివ్వరు. అటక మీద దీపం పట్టుకొని చూసినప్పుడు, దూలం పక్కన ఏ కొయ్యా దూరని తొలిచిన గుంతలు వరుసగా కనబడితే, ఆ దూలం అంతకుముందు మరో కప్పును మోసి ఉంటుంది. కలపలో రేడియోధార్మిక కార్బన్ ఎంత మిగిలిందో కొలిచి కాలాన్ని లెక్కగట్టే రేడియోకార్బన్ పరీక్ష చేయించమని చాలామంది అడుగుతారు. 1650 నుంచి 1950 వరకు ఒకే కొలతకు పలు కాలాలు సరిపోతాయి కనుక ఇటువంటి ఇళ్లకు దానివల్ల ప్రయోజనం తక్కువ.

అపోహ: కిటికీ అద్దం అడుగున మందంగా ఉందంటే గాజు ఏళ్ల తరబడి కిందికి జారిందన్నమాట.
వాస్తవం: జారలేదు. చేతితో ఊది తయారుచేసిన పలకల మందం మొదటినుంచీ ఎగుడుదిగుడే. మందమైన అంచు పైన ఉన్న అద్దాలూ ఉంటాయి.

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడ గట్టిపడుతుంది.
వాస్తవం: నేడు మనం వాడే సిమెంటు రకమైన పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్‌కు చెందిన తాపీమేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందినది 1824లో, ఆ తరువాత కూడా ఎన్నో గోడలు సున్నంతోనే లేచాయి. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు పూత దానిని లోపలే బంధిస్తుంది. అప్పుడు ఉప్పు పేరుకొని ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. నా వరకు అంతకు మించిన నష్టం, గోడల అతుకులన్నీ ఆ పూత కింద కప్పబడిపోవడం. అందుకే ఏ ఇంటికి వెళ్లినా పూత పడని చోటు ఎక్కడ ఉందని మొదట అడుగుతాను: అటక, మెట్ల కింది అర, బీరువా వెనుక గోడ.