గరిటెలో దుర్గం కొండ

మా వంటింట్లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చేసిన చెక్క గరిటె ఒకటుంది. పప్పుచారు కుతకుతా మరుగుతున్నప్పుడు అందులోనే వదిలేసినా, కాడ పట్టుకుంటే చెయ్యి కాలదు. కర్ర నిండా సన్నటి గొట్టాల్లాంటి కణాలు, వాటిలో గాలి. ఆ గాలి వేడిని సులువుగా దాటనివ్వదు. స్టీలు అయితే కర్రకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువగా వేడిని మోస్తుంది.

ఈ కర్ర ఉదయగిరిని ఆనుకున్న దుర్గం కొండల అడవిది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి గెలుచుకున్న కోట అక్కడే ఉంది. నర్ది, బిక్కి, దేవదారి కర్రలు చెంచాలకు వాడతారు. దేవదారి అంటే హిమాలయాల దేవదారు కాదు, మన మెట్ట అడవుల్లో పెరిగే పొట్టి చెట్టు. రాతినేల, అరకొర వానలు. అందుకే ఈ చెట్లు నిదానంగా లావెక్కుతాయి. బిక్కి కర్రయితే పోగు సన్నం, పలచగా చెక్కినా నునుపు తేలుతుంది. రంపంతో ముక్క కోసి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో అరగదీసి, చివర్న ఉప్పుకాగితం పడతారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే ముద్ర, కూడా వచ్చింది.

నన్ను ఆకట్టుకునేది దీని లెక్క. కిలో కర్ర పొయ్యిలో పెడితే ఒక పూట వంటకు చాలదు. అదే కిలోలో సగం పొట్టుగా పోయినా, పాతిక గ్రాముల చెంచాలు 20 వస్తాయి. కూలి గిట్టేది చేతిపని వల్ల, కర్ర బరువు వల్ల కాదు. అడవి పక్క ఊళ్లకు ఇలాంటి బతుకుతెరువే కావాలని నా నమ్మకం.

అయితే కొండ తిరిగి పెరిగే వేగాన్ని మించి కొడితే ఇదీ నిలవదు. మెట్ట అడవి చెట్లు చాలావరకు, మొదలు మిగిల్చి కొడితే, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతో మళ్లీ పిలకలు వేస్తాయి. ఆ లేత పిలకల్ని మేకలు కొరికేసినా, ఏటా నిప్పంటుకున్నా నిల్వ ఖర్చయిపోయి మొదలు చచ్చిపోతుంది. పిలక ఉలికి అందేంత లావు కావడానికి 10 ఏళ్లు పడుతుందనుకుంటే, కోసే చోటును 10 వంతులు చేసి ఏటా ఒక్క వంతులోనే కొయ్యాలి. మిగతా తొమ్మిదింటి జోలికి పోకూడదు. పొలం గట్ల మీద కూడా ఈ మొక్కలే నాటుకుంటే కొండ మీద భారం తగ్గుతుంది.

ఊరివాళ్లూ అటవీ శాఖా కలిసి అడవిని చూసుకునే వన సంరక్షణ సమితుల పద్ధతి మన రాష్ట్రంలో 1992 నుంచే ఉంది. అలాంటి సమితుల్లో చెంచాలు చెక్కే ఇళ్ల ఆడవాళ్లు, మేకల కాపరులు కూడా కూర్చోవాలి. ఏ వాలులో పిలకలు బాగా లేస్తాయో, మేకలు ఏ దారిన ఎక్కుతాయో రోజూ కొండెక్కేవాళ్లకే తెలుసు. మొదటి వంతు ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లనే అడగాలి.