కోత ఎంత? ఎక్కడ?

శుక్లం తీయించుకున్నాక రాసిచ్చే కళ్లజోడు చీటీలో ‘సిలిండర్’ అని ఒక గడి, దాని పక్కనే ‘యాక్సిస్’ అని ఇంకో గడి ఉంటాయి. చూపులో మిగిలిన వంకర ఎంతో, ఏ దిక్కునో చెప్పేవి అవే. ఆ వంకరలో కొంత మన కంటికి ముందునుంచీ ఉన్నది, కొంత ఆపరేషన్ కత్తి తెచ్చిపెట్టింది.

వెలుతురును వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. కంటికి మొత్తం సుమారు 60 డయాప్టర్ల శక్తి ఉంటే అందులో 43 దాకా కార్నియాదే. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే ఈ పొర మందం మధ్యలో అర మిల్లీమీటరు పైచిలుకు, అంతే. దాని వంపు ఒక దిక్కున ఎక్కువై, అడ్డదిక్కున తక్కువైతే వెలుతురు ఒకచోట కలవదు. చుక్క గీతలా సాగుతుంది. ఇదే ఆస్టిగ్మాటిజం. అంచున కోత పెడితే ఆ దిక్కున వంపు చదునవుతుంది, అడ్డదిక్కున పెరుగుతుంది.

పూర్వం శుక్లం పట్టిన కంటి లెన్సును ముక్క చెయ్యకుండా తీసేవారు కాబట్టి 10–12 మి.మీ. కోత తప్పేది కాదు, కుట్లూ తప్పేవి కావు. దారం బిగిస్తే బట్ట ముడుచుకుంటుంది చూడండి, కార్నియా కూడా అంతే. కుట్టు బిగువైన దిక్కున వంపు పెరిగేది, అది వదులయ్యాక మళ్లీ తగ్గేది. అందుకే కళ్లజోడు కోసం వారాల తరబడి ఆగమనేవారు.

1967లో అమెరికా కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్ ఫేకో పద్ధతి తెచ్చారు. పళ్లు శుభ్రం చేసే అల్ట్రాసౌండ్ పరికరం చూసి తట్టిన ఆలోచన అది. లెన్సును లోపలే నుగ్గుచేసి పీల్చేయడానికి 3 మి.మీ. కోత సరిపోయింది. కానీ బదులుగా పెట్టే గట్టి ప్లాస్టిక్ లెన్సు అందులో దూరదే! దానికోసం కోతను మళ్లీ 6 మి.మీ.దాకా పెంచాల్సి వచ్చేది. మడతపెట్టే లెన్సులు 1980లలో వచ్చాకగానీ చిన్న కోత చిన్నగా నిలవలేదు.

కోత పొడవు ఘనాన్ని బట్టి వంకర పెరుగుతుందని ఒక లెక్క. ఆ లెక్కన 6 నుంచి 3 మి.మీ.కి దిగితే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 3 మి.మీ. కోతతో వచ్చేదే అర డయాప్టరుకు అటూఇటూ. కనుక 2.8 మి.మీ. కోత బదులు 2.2 మి.మీ. అంటే లాభం ఉంది, కానీ గొప్ప చెప్పుకునేంత కాదని నా ఉద్దేశం. పైగా ఇరుకు కోతలో లెన్సును బలవంతంగా తోస్తే అంచులు సాగిపోతాయి.

పొడవు ఒక్కటే కాదు, చోటూ ముఖ్యమే. కార్నియా నిలువుకన్నా అడ్డంగా కాస్త వెడల్పు. కణత వైపు కోత చూపు మధ్యభాగానికి దూరంగా పడుతుంది, కాబట్టి తక్కువ కదిలిస్తుంది. ఫేకో మిషన్ లేకుండా చేసే ఆపరేషన్‌లో 6–7 మి.మీ. కోత పడినా, తెల్లగుడ్డులో సొరంగంలా తవ్వుకొస్తారు కనుక కుట్టు లేకుండానే అతుక్కుంటుంది, వంకర కూడా పొడవును చూసి భయపడినంత ఉండదు. వయసు మళ్లేకొద్దీ చాలామందికి ముక్కు నుంచి కణతకు పోయే దిక్కున వంపు ఎక్కువవుతుంది. వాళ్లకు పైనుంచి కోస్తే ఉన్నదానికి ఇంకొంచెం కలిసినట్టే, కణత వైపు కోస్తే కొంత తీరినట్టే.

ముందే వంకర ఎక్కువున్నవాళ్లకు, ఆ వంకరను కూడా దిద్దే టోరిక్ లెన్సు పెడతారు. అది ఒక్క డిగ్రీ తిరిగితే దిద్దుబాటులో సుమారు 3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే మొత్తం పోయినట్టే. పడుకోగానే కనుగుడ్డు గూటిలో కొద్దిగా తిరుగుతుంది. అందుకే డాక్టరు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా చూడమని, కంటి అంచున సిరా గుర్తులు పెట్టుకున్నాకే బల్ల ఎక్కిస్తారు.