నగ్న ఛాయాచిత్రకళ: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఛాయాచిత్రకళ నేర్పే నాకు, దేహచిత్రణ మాట ఎత్తగానే విద్యార్థుల నుంచీ, వారి తల్లిదండ్రుల నుంచీ కొన్ని అభిప్రాయాలు తప్పకుండా ఎదురవుతుంటాయి.

అపోహ: ఇది పాశ్చాత్యుల నుంచి మనకు అంటిన అలవాటు.

వాస్తవం: ఈ మాట అనేవారు ముందు అమరావతి వెళ్ళి అక్కడి పురావస్తు ప్రదర్శనశాల చూసి రావాలి (పేరున్న ఫలకాలు చాలావరకు చెన్నైకీ, లండన్‌కూ తరలిపోయాయన్నది వేరే బాధ). సుమారు రెండు వేల ఏళ్ల కిందట పల్నాటి సున్నపురాతిలో చెక్కిన ఆ స్త్రీపురుషులకు నడుము పైన ఆచ్ఛాదన దాదాపు ఉండదు. కట్టిన వస్త్రం కూడా పలుచటి గీతల్లోనే తెలుస్తుంది. మేఖల తుంటి మీదుగా వంపు తిరిగే చోట కాసేపు నిలబడి చూస్తే, శిల్పి ఆ నగను అలంకారం కోసమే కాక, దాని కింది ఒంటి గుండ్రదనం తెలియడానికి కూడా వాడుకున్నాడని అర్థమవుతుంది. గ్రీకు శిల్పి కండరాలను విడివిడిగా తీర్చిదిద్దితే, మన శిల్పి నరాన్నీ ఎముకనూ పైకి తేలనివ్వకుండా, లోపల ఊపిరి నిండి ఉన్నదనిపించేలా ఒంటిని నునుపుగా వదిలాడు. బరువంతా ఒక కాలి మీద మోపి తుంటిని ఒరగనిచ్చే నిలుపు మాత్రం ఇద్దరికీ తెలుసు.

అపోహ: మోడల్ అందంగా ఉంటేనే చిత్రం బాగా వస్తుంది.

వాస్తవం: ఆకారాన్ని చూపేది పక్కనుంచి పడే వెలుగు. తెల్లటి పలుచని గుడ్డ కట్టిన ఒక్క కిటికీ పక్కన కూర్చోబెడితే, అరవై దాటిన మనిషి వీపులోని వెన్నుగాడి, భుజపుటెముక అంచు, పక్కటెముకల మీద నీడ మెల్లగా చిక్కబడే తీరు, నాకు నున్నటి యౌవన దేహం కన్నా ఎక్కువ పని కల్పిస్తాయి. 1930లో అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికంను రేకు గరాటులో నిలిపి తీసిన ఫొటో చూసినవారికి అందులో మనిషి ఒళ్లే కనిపించింది. వంపు, దాని మీది వెలుగు కుదిరితే చాలు. అయితే ఈ వెలుగు ఏ లోపాన్నీ దాచదు. అందుకే గంట ముందే గడియారం, బిగుతు బట్టలు తీసేసి వదులు దుస్తుల్లో ఉండమని మోడల్‌కు చెబుతాను. లేకపోతే ఎలాస్టిక్ నొక్కిన సన్నని గీత ఫొటోలో బందరు కాలువంత కనిపిస్తుంది.

అపోహ: నలుపు తెలుపులోకి మారిస్తే కళ అయిపోతుంది.

వాస్తవం: కాదు. చర్మపు రంగులోని తేడాలు తగ్గి ఆకారం ముందుకు వస్తుంది, అంతే.

అపోహ: నగ్నచిత్రం అంటేనే నేరం.

వాస్తవం: నగ్నత ఉన్నంత మాత్రాన చిత్రం అశ్లీలం కాదనీ, దాన్ని మొత్తంగా, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలనీ 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని హద్దులు లేవనుకోవద్దు. సమ్మతి లేకుండా ఒకరి గోప్యాంగాల చిత్రం తీసినా, పంపినా, ప్రచురించినా ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో సమ్మతి చెల్లనే చెల్లదు. నా దగ్గర ఒప్పందపత్రంలో ప్రదర్శనకు, ముద్రణకు, ఇంటర్నెట్‌కు విడివిడిగా సంతకాలుంటాయి. మోడల్ తనకు నమ్మకమున్న మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. భంగిమ మార్చవలసి వస్తే మోడల్‌ను తాకకుండా, నేనే నిలబడి చూపిస్తాను.