స్కెలిగ్ మైకేల్: వాన నీటి మీద బతికిన మఠం

ఐర్లాండ్ నైరుతి తీరం నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో నిటారుగా లేచిన రాతిదిబ్బ ఇది. ఎత్తు 218 మీటర్లు. వాగు లేదు, చెరువు లేదు, చెట్టు నీడ అసలే లేదు. 6, 8 శతాబ్దాల మధ్య ఎప్పుడో కొందరు క్రైస్తవ సన్యాసులు ఏరికోరి ఇక్కడికే వచ్చి మఠం కట్టుకున్నారు. వందల ఏళ్లు ఉన్నారు కూడా.

పడవ దిగాక ఆరు వందలకు పైగా రాతి మెట్లు. ఆ పైన చీమలపుట్టల్లాంటి ఆరు గదులు. సున్నం లేదు, అడుసు లేదు. ఒక్కో వరుస రాళ్లను కింది వరుస కంటే కాస్త లోపలికి జరిపి పేర్చుకుంటూ పోయారు. అలా పోగా పోగా పైన నోరు చిన్నదై, చివరికి పలకలతో మూసుకుపోతుంది. ఈ పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అసలు కిటుకు ఇంకోటి: రాళ్లను బయటివైపు కొంచెం వాల్చి పెట్టారు. పెంకుటింటి చూరు మీద జారినట్టు వాన నీరు ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి జారి బయటే పడిపోతుంది. బయటికి గుండ్రంగా కనిపించే గది లోపల నలుచదరంగా ఉంటుంది.

లోపలికి రానివ్వని ఆ వానే వాళ్లకు తాగునీరు. రాతి వాలు మీద పారే నీటిని తొట్లలోకి మళ్లించి దాచుకున్నారు. తిండికి చేపలు, సముద్రపు పక్షులు, వాటి గుడ్లు, గోడల చాటున పెంచిన కాసిని కూరలు.

824లో వైకింగులు, అంటే ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి దోచుకునేవాళ్లు, మఠాధిపతి ఎట్‌గల్‌ను ఎత్తుకుపోయారు. ఆకలిదప్పులతో చనిపోయాడని ఐరిష్ చరిత్ర పత్రాల్లో ఉంది. 13వ శతాబ్దం నాటికి సన్యాసులు ఒడ్డున ఉన్న బాలిన్‌స్కెలిగ్స్‌కు మారిపోయారు. వాతావరణం చల్లబడి తుఫానులు పెరగడం ఒక కారణమంటారు.

విచిత్రమేమిటంటే, తర్వాతి కాలంలో సున్నంతో కట్టిన సెయింట్ మైకేల్ చర్చి చాలావరకు కూలిపోయింది. తూర్పు కిటికీ మాత్రం మిగిలింది. సున్నం లేని గదులు నిలబడ్డాయి. 1880 నుంచి ప్రభుత్వం మరమ్మతులు చేయిస్తూ వచ్చిందనుకోండి, అది ఒప్పుకోవాలి.

దక్షిణ శిఖరం మీద, ఇప్పటికీ ఎక్కడానికి గుండె జారే చోట, ఒంటరిగా తపస్సు చేసుకోవడానికి ఎవరో ఇంకో చిన్న చోటు కట్టుకున్నారు. అక్కడా రాతిలో తొలిచిన తొట్లున్నాయి, వాన నీటికే.